తాళ్లపాక అన్నమయ్య - కన్నతల్లి

ఉద్యోగరీత్యా 1977లో నేను కర్నూలు నుంచి రాజంపేటకు బదిలీ అయ్యాను. ఊళ్లో ఒంటరిగా ఉన్న మా అమ్మ నెల తిరక్కముందే జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టుకొని బస్సెక్కి వచ్చేసింది. ఆదివారం ఆమెను దగ్గర్లోని తాళ్లపాకకు పిలుచుకొని పోయాను. చెన్నకేశవస్వామి దర్శనమయ్యాక అన్నమయ్య కథ చెప్పాను. అంతా విని, మరి ఆ పిల్లవాని తల్లి ఏమైందని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. తరువాత చదివి తెలుసుకున్న నాలుగు మాటలను సోదర పెన్షనర్లతో పంచుకుంటున్నాను.

అన్నమయ్య 1408లో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించారు. ఉమ్మడి కుటుంబం. ఎప్పుడూ పాడుకుంటూ తిరిగే పిల్లవాణ్ణి ఇంటివారు గడ్డి కోసుకు రమ్మని పంపారు. కొడవలికి వేలు తెగింది. ఆ బాధలో బంధుత్వాల మీద విరక్తి పుట్టి, తిరుపతి యాత్రికుల వెంట నడిచి వెళ్లిపోయారు. అప్పటికి ఎనిమిదేళ్లని చెబుతారు. ఆకలికి కొండ ఎక్కలేక, చెప్పులతోనే బండ మీద సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ పెద్ద ముత్తైదువ రూపంలో వచ్చి, చెప్పులు విడవమని చెప్పి ప్రసాదం పెట్టిందట.

మనం సాధారణంగా ఇంతవరకే చెప్పుకుంటాం. మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఇంకొక ఘట్టముంది. లక్కమాంబ కొడుకును వెదుక్కుంటూ వచ్చింది. ఇంటికి రమ్మంటే ఆయన ఒప్పుకోలేదు. గురువు ఘనవిష్ణువు నచ్చజెప్పగా తల్లి వెంట తిరిగి వచ్చారు. పెండ్లి కూడా చేసుకున్నారు. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసిన కవయిత్రి.

దేవుణ్ణి చంటిబిడ్డగా ఊయలలో వేసి ఆయన జోలపాటలు పాడారు. ఆ గొంతు లక్కమాంబదేనని నా నమ్మకం. ఆ రోజుల్లోనే ఇటలీలో రఫేల్ అనే చిత్రకారుడు ఎనిమిదో ఏట తల్లిని పోగొట్టుకొని, పెద్దయ్యాక బాలయేసును ఎత్తుకున్న మరియమ్మను పదే పదే చిత్రించాడు. అన్నమయ్య 1503లో పరమపదించేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. అటువంటి మరియమ్మ పటాలు కడపలో క్రైస్తవ మిత్రుల ఇళ్ల గోడలకు నేను చూశాను.

కీర్తనలు 32 వేలంటారు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో దాచారు. 1922లో బయటపడితే దక్కినవి సుమారు 14 వేలు. (రికార్డు రూములో ముప్పై ఏళ్ల ఫైలు చెదలు పట్టకుండా కాపాడటమెంత కష్టమో మనకు తెలుసు!)

కొన్నాళ్లకు సెలవు మీద ఊరికి పోయి, తల్లి వచ్చి కొడుకును ఇంటికి తెచ్చుకుందని అమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఊరుకొని, ఆ తెగిన వేలు మానిందో లేదో తల్లి చూసిందా అని అడిగింది.