గోదావరి నీళ్లు మోసిన అమ్మ: కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు



పలివెల వారికి రాజమండ్రి దూరమేమీ కాదు. రావులపాలెం మీదుగా వెళ్లి, పని చూసుకుని, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరవచ్చు. ఆ ఊరి పేరు చెప్పగానే కందుకూరి వీరేశలింగం పంతులుగారు గుర్తొస్తారు. ఈ వారం ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మగారి గురించి చెప్పుకుందాం. ఆమె మన సంఘస్థురాలు కాదు. అయినా, మనసు కుంగిన పిల్లలకు పెద్దవాళ్లం ఏం చేయగలమని అడిగే తల్లిదండ్రులకు చూపడానికి, ఈ గోదావరి గడ్డ మీద ఇంతకన్నా దగ్గరి జీవితం నాకు కనబడలేదు.

ఆమె పుట్టింటి పేరు బాపమ్మ. పెళ్లినాటికి వరునికి పదమూడేళ్లు, ఆమె అంతకన్నా చిన్నది. ఆ కాలంలో అది వింత కాదు. అలా పెళ్లయిన పిల్లల్లో ఎందరికో ఊహ తెలియకముందే భర్త పోయేవాడు. ఇక ఆ పిల్లకు బొట్టు లేదు, గాజులు లేవు. ఈడు వచ్చాక తల గొరిగించేవారు. ఒంటిపూట తిండి పెట్టేవారు. శుభకార్యానికి బయలుదేరిన వారికి ఎదురు రాకూడదనేవారు. 1856లోనే వితంతువుల పెళ్లిని చట్టం ఒప్పుకున్నా, ఇళ్లలో ఏమీ మారలేదు. తన నీడే చెడ్డదని రోజూ వింటూ పెరిగే పిల్ల మనసు ఏమవుతుంది? మానసిక ఆరోగ్యం అనే మాట అప్పుడు ఎవరి నోటా లేదు. పిల్ల నవ్వడం మానేస్తే కర్మ అనేవారు, అంతే.

1881 డిసెంబరు 11న పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. గొడవలు జరుగుతాయన్న భయంతో ఆయన విద్యార్థులే కాపలా నిలిచారు. నాలుగు రోజులకు రెండో పెళ్లి కూడా జరిగింది. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. అసలు కథ ఇక్కడే మొదలైందని నా అభిప్రాయం.

ఆ ఇంటిని వెలివేశారు. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారు తానే బిందె పట్టుకుని గోదావరికి నడిచారు. పొయ్యి ముందు తానే కూర్చున్నారు. బంధువులు దూరమైనా ఆమె భర్త పక్షాన్నే నిలిచారు. ఆశ్రయం కోరి వచ్చిన పిల్లలను ఇంట్లో ఉంచుకుని కన్నతల్లిలా చూశారు. పెళ్లయ్యాక కూడా పుట్టిళ్లు తలుపు తీయని ఆ అమ్మాయిలకు పురుళ్లు పోసిందీ ఆమే. ఆమెకు సొంత పిల్లలు లేరు.

అందరూ మంచివాళ్లే వచ్చారనుకోకండి. పెళ్లి చేసుకుని డబ్బు కోసం పంతులుగారిని వేధించిన వారూ ఉన్నారు. ఆయన తన స్వీయచరిత్రలో ఆ చేదును దాచలేదు. అయినా ఆ ఇంటి తలుపు మూసుకోలేదు.

నాకు ముఖ్యంగా తోచేది ఇది. భయపడిన పిల్లకు ముందుగా కావలసింది హితబోధ కాదు. లోకం ఏమన్నా తనవైపు నిలబడి, వేళకు అన్నం పెట్టి, రేపు కూడా ఇక్కడే ఉండే పెద్దమనిషి కావాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. పదో తరగతి తప్పిన కుర్రాడి ముందు పక్కింటి వాడి మార్కులు చెబుతాం. హాస్టల్ నుంచి వచ్చి గది దాటని పిల్లను చూసి, నలుగురూ ఏమనుకుంటారోనని దాచిపెడతాం. రెండు వారాలైనా నిద్ర, తిండి, స్నేహితులు కుదుటపడకపోతే డాక్టరుకు చూపించాలి. చావు మాట ఎత్తితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. ఉందని చెబితే ఒంటరిగా వదలకండి, పురుగుమందు ఇంట్లో ఉంచకండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా, ఏ వేళనైనా మాట్లాడతారు. బిడ్డ మాట్లాడకపోయినా మీరు చేయవచ్చు.

ఇక మిగిలిన కథ. ఆ దంపతుల చేతుల మీదుగా దాదాపు నలభై పెళ్లిళ్లు జరిగాయి. వితంతువుల కోసం శరణాలయం వెలిసింది. 1906లో హితకారిణీ సమాజం స్థాపించి తమ ఆస్తిని దానికే అప్పగించారు. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో కన్నుమూశారు. ఆ తోడు లేకుండానే పంతులుగారు 1919 దాకా పని సాగించారు.