నాడు ఓడిన తీర్పు.. నేడు చట్టం

నయాపూల్ దాటి మదీనా వైపు వెళ్తుంటే మూసీ ఒడ్డున హైకోర్టు భవనం మీకు కనిపిస్తుంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అక్కడ తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. గ్రూప్స్‌కో, లాసెట్‌కో చదువుతుంటే గోలక్‌నాథ్ కేసు దగ్గర ఈ పేరు చూసే ఉంటారు. ఆ ఒక్క బిట్‌తో ఆగిపోకండి.

ఆయన 1902లో రాజమహేంద్రవరంలో పుట్టారు. మద్రాసులో లా చదివి, అక్కడే ప్రాక్టీసు చేసి, 1948లో హైకోర్టు జడ్జి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు చీఫ్ జస్టిస్. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఇక్కడ రాజ్యాంగం ఒకసారి తెరిచి చూడండి. 19వ అధికరణ పౌరులకే. 21వ అధికరణ మాత్రం ఏ వ్యక్తికైనా వర్తిస్తుంది. ఆ వ్యక్తి స్వేచ్ఛ ఎంత దూరం వెళ్తుందన్నదే సుబ్బారావు జీవితాంతం పట్టుకున్న ప్రశ్న.

1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చింది. దోపిడీ కేసులో ఆధారాల్లేక విడుదలైన మనిషిపై యూపీ పోలీసులు నిఘా పెట్టారు, అర్ధరాత్రి తలుపు తట్టారు. రాత్రి సోదాలు చెల్లవని, మిగతా నిఘా చెల్లుతుందని మెజారిటీ తేల్చింది. సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి మొత్తం నిఘానే తప్పన్నారు, గోప్యత స్వేచ్ఛలో భాగమన్నారు. అప్పటికి ఓడిపోయారు. 55 ఏళ్ల తర్వాత, 2017లో, తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఆయన దారికే వచ్చింది.

1967 ఏప్రిల్‌లో ఆయన ఇచ్చిన మరో తీర్పు మీ జేబుకు దగ్గరిది. విదేశాలకు వెళ్లడం కూడా 21 కిందికే వస్తుందని, పాస్‌పోర్టు అధికారుల ఇష్టాయిష్టాలపై ఆధారపడకూడదని చెప్పారు. అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఆ నెలలోనే రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీపడ్డారు. హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడారు. 1976లో కన్నుమూశారు.

ఇదంతా ఇప్పుడెందుకు? పాతబస్తీని ఆనుకున్న బాలాపూర్‌లో ఐరాస కార్డులతో బతుకుతున్న రోహింగ్యాలున్నారు. మనకు శరణార్థుల చట్టం లేదు. వాళ్లను నిర్బంధిస్తే మిగిలే ప్రధాన ఆసరా 21వ అధికరణే. 1996లో చక్మాల ప్రాణరక్షణకు సుప్రీంకోర్టు దాన్నే వాడింది. 2021లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో 14, 21 అందరికీ ఉన్నాయంటూనే, పంపించేయకుండా ఆపే హక్కు పౌరులదేనంది. విడుదలకు ఒప్పుకోలేదు, పద్ధతి ప్రకారమే పంపాలని మాత్రం చెప్పింది.

సుబ్బారావు శరణార్థుల కేసు తేల్చలేదు. కానీ ఆయన వెడల్పు చేసిన దారి మీదే ఈ వాదన నడుస్తోంది. లా వైపు వెళ్లాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: 1987 న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న వ్యక్తికి ఉచితంగా లాయర్ దొరకాలి. అక్కడా చట్టం అడిగేది వ్యక్తినే, పౌరుణ్ని కాదు. ఆ లాయర్ మీరే కావొచ్చు.