కొమురం భీం – నాయకుడిని నిలబెట్టిన విలువలు



ఆశ్వయుజ పౌర్ణమి వస్తే మనమంతా జోడేఘాట్ బాట పడతాం. భీం విగ్రహం ముందు నిలబడి ఫోటో దిగుతాం. ఆయన వీరమరణం గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. పన్నెండు ఊళ్ల జనం ఆయనను ఎందుకు నమ్మారన్నది మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. ఈసారి దాని గురించి ఆలోచిద్దాం.

భీం 1901లో సంకెపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. అటవీ సిబ్బంది దౌర్జన్యాలు చూస్తూ పెరిగాడు. తండ్రి పోయాక కుటుంబం సుర్దాపూర్ చేరి అడవి నరికి సాగు చేసుకుంది. చేతికొచ్చిన పంట తనదేనంటూ సిద్దిఖీ అనే భూస్వామి మీదికి వచ్చాడు. ఆ గొడవలో భీం కొట్టిన దెబ్బకు అతను చనిపోయాడు. భీం ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. అన్యాయాన్ని సహించని గుణం ఆయనలో అప్పటికే ఉంది. కానీ ఒంటరి కోపం వల్ల ఊరికి భూమి దక్కలేదు, ఇంటికి కొడుకు దూరమయ్యాడు.

ఆ తర్వాత బల్లార్షా, చాందా వైపు వెళ్లాడు. అక్కడ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల్లో కూలీగా బతికాడు. తిరిగి వచ్చిన భీం మారిన మనిషి. ఈసారి జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేల వాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టాడు. గోండులతో పాటు కోలాములూ కలిసి వచ్చారు. ముందు అర్జీలు పెట్టారు. గోడు చెప్పుకోవడానికి భీం హైదరాబాదు దాకా వెళ్లినా నిజాం దర్శనం దొరకలేదు. దారులన్నీ మూసుకున్నాకే ఆయుధం పట్టారు. నీరు, అడవి, భూమి మీద హక్కు మాదేనన్నారు.

భూములకు పట్టాలిస్తామని సర్కారు రాయబారం పంపిందని మన పెద్దలు చెబుతారు. తన వాటాతో సరిపెట్టుకుంటే భీం బతికేవాడే. పన్నెండు ఊళ్లకు స్వపరిపాలన కావాలని పట్టుబట్టాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో తనవాళ్ల మధ్యనే తుపాకి గుండ్లకు నేలకొరిగాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ తర్వాతే నిజాం సర్కారు మన బతుకులు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, చాలామందికి పట్టాలు అందాయి.

హాస్టల్‌లో పిల్లలకు లీడర్లను ఎన్నుకునేటప్పుడు మేము గమనించేది ఒకటుంది. గట్టిగా అరిచేవాళ్ల మాట వారం రోజులు నడుస్తుంది. తన పళ్లెం కంటే ముందు చిన్నపిల్లల పళ్లెం చూసేవాళ్ల మాట ఏడాదంతా నడుస్తుంది. భీం నాయకత్వమూ ఇలాంటిదే. కోపాన్ని అదుపులో పెట్టుకున్నాడు, అక్షరం నేర్చుకున్నాడు, అందరినీ కలుపుకున్నాడు, తనకొక్కడికే వచ్చే లాభాన్ని వద్దన్నాడు.

రేపు మీరు యువజన సంఘంలోనో, గ్రామసభలోనో, ఉద్యోగంలోనో నలుగురిని నడపాల్సి వస్తుంది. అప్పుడు ఈ నాలుగూ మనలో ఉన్నాయా అని ఒక్కసారి చూసుకుందాం. ఆయనకు మనం ఇచ్చే నిజమైన నివాళి అదే.

జోహార్ కొమురం భీం!