కొండా వెంకట రంగారెడ్డి
కొండా వెంకట రంగారెడ్డి (డిసెంబరు 12, 1890 - జూలై 24, 1970) న్యాయవాది, నిజాం రాష్ట్రాంధ్రోద్యమ నాయకుడు, ఆంధ్ర ప్రదేశ్ మాజీ ఉప ముఖ్యమంత్రి. రంగారెడ్డి జిల్లాకు ఆ పేరు ఇతని స్మారకంగా వచ్చినదే. సభ జరపడం, తీర్మానం వ్రాయడం, గ్రంథాలయం నడపడం వంటి పనులు తెలంగాణ తెలుగువారికి కొత్తగా ఉన్న కాలంలో, ఆ పనులలోకి యువకులను చేర్చుకుని తర్ఫీదు ఇచ్చిన తొలి తరానికి చెందినవాడు.

జననం, వృత్తి

రంగారెడ్డి స్వగ్రామం మొయినాబాద్ మండలంలోని పెదమంగళారం. హైదరాబాదు నుండి మొయినాబాద్, చేవెళ్ళల మీదుగా వికారాబాదు వైపు పోయే మార్గానికి చేరువలో ఉన్న గ్రామమిది. ఇతడు వకీలు పరీక్షలో ఉత్తీర్ణుడై హైదరాబాదులో న్యాయవాద వృత్తి చేపట్టాడు. నిజాం రాజ్యంలో న్యాయస్థానాల భాష ఉర్దూ. అందువల్ల ఆనాటి తెలుగు వకీళ్ళలో అధికులు పగలు ఉర్దూలో వాదించి, సాయంత్రం తెలుగు కోసం పనిచేసినవారే.

ఆంధ్ర జన సంఘం

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను సభికులు శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1922 ఫిబ్రవరిలో సంఘం సమావేశం రంగారెడ్డి ఇంటిలో జరిగింది. మాడపాటి హనుమంతరావు కార్యదర్శి అయ్యాడు.

సంఘం ఆశయాలు గమనించదగినవి. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు నెలకొల్పడం, విద్యార్థులకు సాయపడటం, తాళపత్ర గ్రంథాలను సేకరించడం, చిన్న పుస్తకాలు ప్రచురించడం, ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం. వీటిలో ఏదీ పెద్దలు కొందరే చేసి ముగించగల పని కాదు. ప్రతి ఊరిలోనూ ఎవరో ఒకరు కొత్తగా ముందుకు వచ్చి పని అందుకోవాలి. వారికి సంఘం నియమాలు తెలియజెప్పేవారు, అధికారులకు అర్జీ వ్రాసిపెట్టేవారు కావాలి. రంగారెడ్డి వంటి వకీళ్ళ అవసరం ఇక్కడే ఎక్కువగా ఉండేది. అనుమతి లేనిదే ఖాన్గీ పాఠశాల పెట్టరాదని 1924లోను, అనుమతి లేనిదే సభ జరపరాదని 1929లోను (గస్తీ నిషాన్ 53) ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది. ఉత్సాహం ఒక్కటే ఉన్న యువకుడు మొదటి అడుగులోనే చిక్కులలో పడే రోజులవి.

ఆంధ్ర మహాసభ

ఈ కృషి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా రూపుదిద్దుకుంది. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదవ మహాసభకు రంగారెడ్డి అధ్యక్షుడు. క్రమంగా కొత్త తరం బలపడింది. 1941లో చిలుకూరులో జరిగిన ఎనిమిదవ మహాసభకు, అప్పటికి 33 ఏళ్ళ రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించాడు. (ఈ చిలుకూరు అప్పటి నల్లగొండ జిల్లాలోనిది. బాలాజీ ఆలయమున్న మొయినాబాద్ మండలపు చిలుకూరు వేరు.) సభ్యత్వ రుసుమును నాలుగు అణాలకు తగ్గించడంతో సామాన్య రైతులకు సంస్థ ద్వారాలు తెరుచుకున్నాయి.

1943లో హైదరాబాదులో జరిగిన పదవ మహాసభ అధ్యక్ష స్థానానికి పోటీ ఏర్పడింది. వామపక్షం తరఫున బద్దం ఎల్లారెడ్డి నిలబడగా రంగారెడ్డి గెలిచాడు. మరుసటి ఏడు భువనగిరిలో రావి నారాయణరెడ్డి తిరిగి అధ్యక్షుడయ్యాడు. మితవాదులు విడిపోయారు. పెద్దలు కట్టిన వేదిక యువకుల చేతికి వెళ్ళింది. రంగారెడ్డి వర్గం వారి వేగాన్ని అందుకోలేకపోయిందన్నది కాదనలేని విషయం. అయితే, ఆ యువకులు సభా నిర్వహణ నేర్చుకున్నది ఈ వేదిక మీదనే.

మేనల్లుడు చెన్నారెడ్డి

ఇతని ప్రభావం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మేనల్లుడు మర్రి చెన్నారెడ్డి జీవితంలో. 1952లో బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో మేనమామ, మేనల్లుడు ఇద్దరూ మంత్రులు. రంగారెడ్డికి అప్పటికి అరవై దాటాయి, చెన్నారెడ్డికి 33 ఏళ్ళు. ఆంధ్ర రాష్ట్రంతో తెలంగాణ విలీనాన్ని మొదట ఇద్దరూ వ్యతిరేకించారు. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలోనూ ఇద్దరూ ఉన్నారు. తక్కిన ఇద్దరు బూర్గుల, జె.వి.నర్సింగరావు.

ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వాడు కావాలన్నది ఆ ఒప్పందంలోని అంశం. 1956లో ఏర్పడిన తొలి మంత్రివర్గంలో అది అమలు కాలేదు. తరువాత దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో రంగారెడ్డి ఉప ముఖ్యమంత్రిగా ఉన్నాడు. ఒప్పందం ఉల్లంఘన 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఒక ముఖ్య కారణం. ఆ ఉద్యమానికి నాయకుడైనవాడు చెన్నారెడ్డి. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజా సమితి 10 స్థానాలు గెలిచేనాటికి రంగారెడ్డి మరణించి కొన్ని నెలలైంది.

కుటుంబం, స్మారకం

కుమారుడు కొండా మాధవరెడ్డి ఆంధ్ర ప్రదేశ్, బొంబాయి ఉన్నత న్యాయస్థానాలకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. మనుమడు కొండా విశ్వేశ్వరరెడ్డి 2014లోను, 2024లోను చేవెళ్ళ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

1978లో చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాను విభజించి కొత్త జిల్లాను ఏర్పరచి, దానికి మేనమామ పేరు పెట్టారు. 2016 పునర్వ్యవస్థీకరణలో వికారాబాదు, మేడ్చల్ వేరు జిల్లాలుగా ఏర్పడినా, చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు రంగారెడ్డి జిల్లాలోనే మిగిలాయి.