లియొనార్డు ఆయిలరు

దేహబలము సన్నగిల్లినను మనోబలముచే మహాకార్యములు సాధించిన ధీరులు కొందఱు కలరు. గణితశాస్త్రజ్ఞుడగు లియొనార్డు ఆయిలరు అట్టివారిలో అగ్రగణ్యుడు.

ఆతడు స్విట్జర్లాండు దేశమందలి బాసెలు నగరమున 1707వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. కుమారుడును తనవలెనే మతాచార్యుడు కావలెనని ఆయన కోరెను. కాని యోహాను బెర్నూలీ యను గణితాచార్యుడు బాలుని ప్రతిభను గుర్తించి తండ్రిని ఒప్పించెను. 1727లో ఆయిలరు రష్యాదేశమునకేగి, సెంటుపీటర్సుబర్గు విజ్ఞాన పరిషత్తున చేరెను.

1చేతను, తనచేతను తప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. 5, 17, 257, 65,537 అట్టివి. వీనిలో ఒకదానినుండి 1 తీసివేసి, మిగిలినదానిని దానిచేతనే గుణించి 1 కలిపినచో తరువాతి సంఖ్య వచ్చును. ఈ వరుసలోనివన్నియు ప్రధాన సంఖ్యలే యని ఫ్రెంచి పండితుడగు ఫెర్మా తలంచెను. 65,537 తరువాత వచ్చునది 4,29,49,67,297. ఇది 641ని 67,00,417చే గుణింపగా వచ్చినదని 1732లో ఆయిలరు చూపెను. ఒక మహాపండితుని ఊహ ఒక్క గుణకారముతో తొలగిపోయెను.

1738 నాటికి ఆతని కుడికంటి చూపు నశించెను. 1741 నుండి బెర్లినులో పనిచేసి, 1766లో ఆతడు రష్యాకు మరలి వచ్చెను. అంతలో రెండవ కంటికిని శుక్లము కమ్మెను. 1771లో ఇల్లు దగ్ధమయ్యెను. ఒక సాహసి మంటలలో జొచ్చి అంధుడగు ఆయిలరును మోసికొని వచ్చి రక్షించెను.

అయినను ఆతని పని ఆగలేదు. ముప్పదియొక్క రెండులను గుణించి 1 తీసివేసినచో 2,14,74,83,647 వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయా, కాదా? తేల్చుటకు 46,340 వఱకు గల ప్రధాన సంఖ్యలన్నింటిచేతను భాగించి చూడవలెను. అవి నాలుగువేలకు మించి యుండును. కాని దానిని భాగింపగల ప్రధాన సంఖ్య యేదైనను 62చే భాగింపగా 1 శేషింపవలెనని ఆయిలరు గ్రహించెను. మఱియొక నియమముచే వానిలోను సగము తొలగెను. పరీక్షింపవలసినవి నూఱుకు లోబడి మిగిలెను. వానిలో ఒక్కటియు ఆ సంఖ్యను భాగింపలేదు. అది ప్రధాన సంఖ్యయే యని 1772లో ఆతడు ప్రకటించెను. డెబ్బది యేండ్లకు మించి అంతకంటె పెద్ద ప్రధాన సంఖ్య యెవ్వరికిని తెలియలేదు.

6ను భాగించు చిన్నసంఖ్యలగు 1, 2, 3లను కూడినచో 6 వచ్చును. ఇట్టివానిని పరిపూర్ణ సంఖ్యలందురు. ఆయిలరు నిర్ణయమువలన పందొమ్మిది అంకెలు గల ఎనిమిదవ పరిపూర్ణ సంఖ్య లోకమునకు లభించెను.

కుమారులును శిష్యులును వ్రాసికొనుచుండగా ఆతడు మనస్సులోనే గణించి చెప్పుచుండెడివాడు. ఆతని రచనలలో దాదాపు సగము ఈ అంధత్వకాలమున వెలువడినవే. 1783వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన, ఆనాడు కూడ లెక్కలు చేసి, ఆయిలరు పరమపదించెను. కన్నులు చీకటిని చూపినను, ఆతని బుద్ధి తుదివఱకు వెలుగునే చూపెను.