టిక్కులు లెక్కపెట్టినాయన

విక్రం సారాభాయ్ అనగానే మనకి రాకెట్లు, ఇస్రో, శ్రీహరికోట గుర్తొస్తాయి. కానీ ఆయన డాక్టరేట్ చేసింది విశ్వకిరణాల మీద. ఆ ముచ్చట మనం పెద్దగా చెప్పుకోం. నాకైతే ఆయన జీవితంలో అదే అసలు కథ అనిపిస్తుంది.

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. తండ్రి అంబాలాల్ మిల్లుల యజమాని, డబ్బుకి లోటు లేదు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా యుద్ధం వచ్చింది. తిరిగొచ్చి బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర చేరారు. 1942లో తొలి పేపరు, అదే ఏడు నాట్యకారిణి మృణాళినితో పెళ్లి. (కెప్టెన్ లక్ష్మి చెల్లెలే ఈవిడ.)

ఇంతకీ ఏం చేసేవారు? టిక్కులు లెక్కపెట్టేవారు! విశ్వకిరణాలంటే సౌరకుటుంబం అవతల నుంచి దాదాపు కాంతివేగంతో దూసుకొచ్చే కణాలు, ఎక్కువగా ప్రోటాన్లు. అవి పైన గాలిని గుద్దుకుంటే పుట్టే పిల్ల కణాలు నేలదాకా వచ్చి గైగర్ కౌంటర్‌లో టిక్కుమంటాయి. ఆ లెక్క పొద్దున్నకీ సాయంత్రానికీ కొంచెం మారుతుంది. ఆ కొంచెం ఒక శాతం కూడా ఉండదు. వెయ్యింట ఒక వంతు తేడా పట్టుకోవాలంటే కనీసం పది లక్షల టిక్కులు పోగవ్వాలి. స్టాటిస్టిక్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకి ఎందుకో తెలుసు.

పైగా మన దక్షిణాదిలో ఇంకో చిక్కు. ఇక్కడ భూమి అయస్కాంతక్షేత్రం బలహీన కణాలని లోపలికి రానివ్వదు. మా నరసన్నపేట మీద ఓ ప్రోటాన్ నిట్టనిలువుగా దిగాలంటే దాని శక్తి 1500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల పైమాటే ఉండాలి. అంత బలమున్నదాన్ని సూర్యుడు కదిలించేది తక్కువ. ఇక గాలి పీడనం పెరిగితే టిక్కులు తగ్గుతాయి, వేడీ తన వంతు మారుస్తుంది. మరైతే ఆ తేడా సూర్యుడిదా, వట్టి వాతావరణానిదా? సారాభాయ్ పట్టుదలంతా ఈ ప్రశ్న మీదే. వాతావరణం వాటా తీసేశాక కూడా మిగిలేది ఉంటుందని, అందులో సూర్యుడి చెయ్యి ఉందని ఆయన నమ్మకం. 1943లో పరికరాలు మోయించుకుని కశ్మీర్ కొండలెక్కారు. 1947లో కేంబ్రిడ్జి పట్టా పుచ్చుకుని, ఆ ఏడే అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ పెట్టారు.

జవాబు 1958లో అమెరికాలో యూజీన్ పార్కర్ లెక్కల్లోంచి వచ్చింది. సూర్యుడి నుంచి ఎప్పుడూ ఓ గాలి వీస్తుందన్నాడాయన. చాలామంది నమ్మలేదు. 1962లో మెరైనర్-2 నౌక ఆ గాలిని కొలిచింది. అరసవల్లిలో స్వామి పాదాలని తాకే కిరణం సూర్యుణ్ణి వదిలి ఎనిమిది నిమిషాలే అయ్యుంటుంది. సెకనుకి 400 కిలోమీటర్లు పోయినా సౌరగాలికి మాత్రం నాలుగు రోజులు పడుతుంది. అది తనతోపాటు అయస్కాంతక్షేత్రాన్ని మోసుకొస్తుంది. బయటినుంచి వచ్చే కణాలకి లోపలికి రావడమంటే, కళింగపట్నంలో ఎదురుగాలికి తెప్ప తోసుకుపోవడమే. అందుకే సూర్యుడు రెచ్చిపోయిన ఏళ్లలో విశ్వకిరణాలు తగ్గుతాయి. రోజువారీ తేడా కూడా అక్కడిదే: సూర్యుడితో పాటు తిరిగే ఆ క్షేత్రం కణాలని ఈడ్చుకెళ్తూ భూమిని వెనకనుంచి, అంటే సాయంత్రం ఆరు గంటల వైపునుంచి, తాకుతుంది.

అప్పటికే ఆయన శిష్యులు తయారయ్యారు. వాళ్లలో ఉడుపి రామచంద్రరావు మెరైనర్-2 సౌరగాలి కొలతల మీదే పనిచేసి, తర్వాత మన ఆర్యభట్ట ఉపగ్రహం కట్టించారు. గురువుగారికి మాత్రం తీరిక తగ్గిపోయింది. 1963లో తుంబా రాకెట్, 1966లో భాభా పోయాక అణుశక్తి సంఘం అధ్యక్షత, 1969లో ఇస్రో. దేశానికి లాభమే, కాదనను. కానీ ఆ టిక్కుల మనిషికి ఇంకో పదేళ్లు లాబ్‌లో దొరికుంటే బాగుండేదనిపిస్తుంది.

1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. డిసెంబర్ 30న కోవళంలో, నిద్రలోనే, 52 ఏళ్లకి ఆయన పోయారు. 2023 సెప్టెంబర్ 2న అదే శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో సౌరగాలి కణాలని లెక్కపెట్టే పరికరం ఉంది. దాన్ని తయారుచేసింది ఆయన అహ్మదాబాద్‌లో పెట్టిన ఆ లాబొరేటరీయే.