ఫ్రాంక్లిన్ గారి టైంటేబులు

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెప్పగానే అందరికీ గాలిపటం, పిడుగు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆయన దినచర్య మీదే ఆసక్తి.

1706లో బోస్టన్‌లో, కొవ్వొత్తులు, సబ్బులు చేసుకు బతికే ఇంట పుట్టారు. బడి చదువు రెండేళ్లే. పన్నెండో ఏట అన్నగారి అచ్చాఫీసులో పనికి కుదిరి, 1723లో ఫిలడెల్ఫియా పారిపోయారు. అయిదేళ్లకు ఒక భాగస్వామితో కలిసి ప్రెస్సు పెట్టారు.

రోజును గళ్లుగా గీసుకున్నారు. ఉదయం 5కి లేవడం, 8 నుంచి 12 దాకా పని, 2 దాకా చదువు, లెక్కల తనిఖీ, భోజనం, మళ్లీ 6 దాకా పని, రాత్రి 10కి నిద్ర. చూడ ముచ్చటైన పట్టికే గాని, అది తనకు సరిగా సాగలేదని ఆయనే ఆత్మకథలో ఒప్పుకున్నారు. పనివాడికి సాగవచ్చు, యజమానికి సాగదు. బేరానికి వచ్చినవాడి వేళే అతని వేళ. దుకాణం నడిపిన మా బంధువులందరిదీ ఇదే గోడు!

నా ఉద్దేశంలో ఆయనకు తీరిక తెచ్చింది ఆ పట్టిక కాదు, 1748 నాటి ఒప్పందం. తన ఫోర్‌మన్ డేవిడ్ హాల్‌ను భాగస్వామిగా చేసుకుని, ప్రెస్సు నడిపే భారమంతా అతనికి అప్పగించారు. 18 ఏళ్లపాటు లాభాల్లో ఫ్రాంక్లిన్‌కు వాటా. మన భాషలో చెప్పాలంటే 42వ ఏటనే పెన్షను, డి.ఎ. మాత్రం లేదు.

విద్యుత్తు ప్రయోగాలు ఆ తీరికలోనే ముందుకు సాగాయి. 1751లో ఫిలడెల్ఫియాలో ఆసుపత్రి స్థాపనకు తోడ్పడ్డారు. 1776లో, 70 ఏళ్ల వయసులో, స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసి, ఆ ఏడాది చివర్లోనే ఓడెక్కి ఫ్రాన్సుకు రాయబారానికి వెళ్లారు. 1787లో అమెరికా రాజ్యాంగంపై సంతకం చేసేనాటికి ఆయనకు 81. కన్నుమూసింది 1790లో.